సిగ్నల్ లేని ఊరికి ఏ క్లౌడ్ డేటాబేస్ బెటర్?

ఫోన్ కొనేముందు స్పెక్స్ పక్కపక్కన పెట్టి చూస్కోవడం మనందరికీ అలవాటే. మొన్నటిదాకా డేటాబేస్‌ని కూడా నేను అలాగే ఎంచుకున్నాను. ఎన్ని రీజియన్లు, ఎన్ని మిల్లీసెకన్లు, నెలకి బిల్లెంత అని ఒక టేబుల్ వేసుకున్నా. చర్ల రోడ్డు మీద ఒక్క సాయంత్రంతో ఆ టేబుల్ చింపి పారేయాల్సొచ్చింది.

మాది ఖమ్మం. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో ఏకంగా 71.3 అడుగులు వచ్చింది. 1986లో వచ్చిన 75.6 తర్వాత అంత ఎత్తు ఎప్పుడూ రాలేదు. అలాంటి రోజుల్లో డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న మనవాళ్లకి ఒకటే దిగులు: అమ్మావాళ్లు గట్టున పడ్డారా లేదా? ఫోన్లేమో కలవవు. అందుకే నేనూ ఇద్దరు ఫ్రెండ్సూ కలిసి ఒక చిన్న యాప్ మొదలెట్టాం. ఊళ్లో వలంటీర్ ఇంటింటికీ తిరిగి ‘క్షేమం’ అనో ‘పడవ కావాలి’ అనో నొక్కుతాడు. ఏ దేశంలో ఉన్నా ఆ ఇంటివాళ్లు చూస్కుంటారు.

వాడేవాళ్లు మూడు ఖండాల్లో ఉన్నారు కాబట్టి డేటాబేస్ కూడా మూడు ఖండాల్లో ఉండాలనుకున్నాం. ఏ రీజియన్‌లోనైనా రాయొచ్చు, తర్వాత అవే సింక్ అవుతాయి అనే రకం తీసుకున్నాం. పేరు చెప్పను. తప్పు దానిది కాదు, మాది.

వానలకి ముందు దుమ్ముగూడెం, చర్ల వైపు టెస్టింగ్‌కి వెళ్లాం. భద్రాచలం దాటి అడవి దారి పట్టాక సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే మాయమవుతుంటాయి. ఉదయం 9కి మా ఫ్రెండ్ ఒక ఇంటికి ‘క్షేమం’ కొట్టాడు. నెట్ లేదు, అది ఫోన్‌లోనే ఉండిపోయింది. మధ్యాహ్నం 3కి నేను ఎలాగో సిగ్నల్ పట్టి అదే ఇంటికి ‘పడవ కావాలి’ అని పెట్టా. సర్వర్‌కి చేరింది. సాయంత్రం 6కి మెయిన్ రోడ్డెక్కగానే వాడి ఫోన్ పొద్దుటి ‘క్షేమం’ని పంపేసింది. చివర వచ్చిందే నిలుస్తుంది అన్న రూల్ ప్రకారం నా ‘పడవ కావాలి’ చెరిగిపోయింది.

అది ఉత్తుత్తి ఇల్లు, ఉత్తుత్తి వరద. నిజం వరదైతే డాలస్‌లో కొడుకు ఆ పచ్చ టిక్ చూసి నిశ్చింతగా నిద్రపోయేవాడు.

ఆ రాత్రి డాక్యుమెంటేషన్ మళ్లీ మొదట్నుంచి చదివా. డైనమోడీబీ గ్లోబల్ టేబుల్స్ మామూలు సెట్టింగ్‌లో, రెండు రీజియన్లలో ఒకేసారి మారిస్తే చివరి రాతనే ఉంచుతుంది. కాస్మోస్ డీబీలో ఐదు కన్సిస్టెన్సీ లెవల్స్ ఉన్నాయి. చాలా రీజియన్లలో రాసే మోడ్‌లో డిఫాల్ట్‌గా అక్కడా ఇదే రూలు, కావాలంటే సొంత రూల్ పెట్టుకోవచ్చు. గూగుల్ స్పానర్‌ది వేరే దారి. మెజారిటీ కాపీలు ఒప్పుకుంటేనే రాత ఖాయం. రాతల వరుస తప్పకుండా డేటా సెంటర్లలో జీపీఎస్, అటామిక్ గడియారాలు కూడా పెట్టారు. అన్నీ గొప్పవే. కానీ ఇవి తీర్చేది సర్వర్ల మధ్య తగాదా. మా తగాదా సర్వర్‌కి చేరకముందే, నెట్ లేని ఫోన్‌లో మొదలైంది.

మరి దూరం సంగతేంటి అంటారా? ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకి సుమారు 200 కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాద్ నుంచి డాలస్ దాదాపు 14,000 కిలోమీటర్లు. పోయి రావడానికి కనీసం 140 మిల్లీసెకన్లు. కేబుళ్లు తిన్నగా పోవు కాబట్టి ఇంకాస్త ఎక్కువే. రెండ్రోజులుగా ఇంటి కబురు కోసం చూస్తున్నవాడికి ఆ కాస్త ఒక లెక్కా?

ఇప్పుడు మా సెటప్ సింపుల్. రాతలన్నీ ఒకే చోటికి, ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్‌లో మామూలు పోస్ట్‌గ్రెస్‌కి పోతాయి. 2022 నవంబర్‌లో మొదలైన రీజియన్ అది. ముంబైలో ఒక కాపీ. వలంటీర్ ఫోన్‌లో ఎస్‌క్యూలైట్. అసలు మార్పు వేరే ఉంది: పాత రికార్డుని ఎప్పుడూ మార్చం. ప్రతి నొక్కూ ఒక కొత్త రికార్డే. ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, సర్వర్‌కి ఎప్పుడు చేరింది, అన్నీ వేర్వేరుగా ఉంటాయి. ఫోన్ టైమ్ తప్పుగా ఉండొచ్చు కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మం. రెండు కబుర్లకి పొంతన లేకపోతే ప్రమాదం చెప్పేదే పైన కనిపిస్తుంది. ‘పడవ కావాలి’ పోవాలంటే, ఆ కబురు చూసిన వలంటీరే ‘పడవ వచ్చింది’ అని కొట్టాలి. ‘క్షేమం’ పక్కన ఎన్నింటికి చూశారో తప్పకుండా ఉంటుంది.

ఒక్క రీజియన్ మీద ఆధారపడితే అది పడిపోదా? పడొచ్చు. 2025 అక్టోబర్‌లో ఏడబ్ల్యూఎస్ వర్జీనియా రీజియన్‌లో డైనమోడీబీ డీఎన్ఎస్ దెబ్బతిని ఎన్నో యాప్‌లు గంటల తరబడి ఆగిపోయాయి. అందుకే ముంబై కాపీ. అటు మారేలోపు కబుర్లు ఫోన్లలోనే ఆగుతాయి, అవి ఎలాగూ ఆగడం అలవాటైన ఫోన్లే. పంపేశాక కూడా వారం పాటు రికార్డు చెరపం. సర్వర్‌లో ఏదైనా పోతే ఫోనే మళ్లీ పంపుతుంది.

గ్లోబల్ డేటాబేస్‌లు దండగ అనడం లేదు. పది దేశాల నుంచి ఒకే ఖాతాలో డబ్బు తీస్తుంటే, ఒకే సీటుకి పోటీ పడుతుంటే, ఒక్క నిమిషం కూడా ఆగకూడదంటే, స్పానర్ లాంటిదానికి డబ్బు పెట్టాల్సిందే. మా యాప్‌కి ఆ అవసరం లేదు. మీ యాప్‌కి ఉందా అన్నది ముందు చూస్కోండి.

కార్డు గీకేముందు ఒక్క టెస్ట్ చేయండి. రెండు ఫోన్లు తీసుకుని ఒకదాన్ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. అందులో ఒక రికార్డు మార్చండి, తర్వాత రెండోదాంట్లో అదే రికార్డుని ఇంకోలా మార్చండి. గంటాగి మొదటి ఫోన్‌కి నెట్ ఆన్ చేయండి. ఏ రాత మిగిలిందో చూసి, అప్పుడు రేట్ల పేజీ తెరవండి.