అమ్మబోయే ఇంటికి ఆఖరి సేవ



అమ్మాయి పెళ్లికో, ఆసుపత్రి అప్పు తీర్చడానికో మన కుటుంబాలు ఒక్కొక్కసారి ఇల్లు అమ్ముకోవలసి వస్తుంది. జల్‌పల్లిలో మా పెద్దలు కట్టిన మూడు గదుల డాబా ఇంటిని అమ్మాయి పెళ్లి నిమిత్తం మేమూ 2025 ఎండాకాలంలో అమ్మాము. చేతిలో డబ్బు లేకనే కదా అమ్ముతున్నాం, మళ్లీ దాని మీద ఖర్చేమిటి అనుకున్నాం మొదట. చూడవచ్చిన ఇద్దరు గుమ్మంలోంచే తిరిగి వెళ్లిపోయాక గాని మాకు కళ్లు తెరుచుకోలేదు. అప్పుడు నేర్చుకున్న సంగతులు ఈ నెల మీ ముందు పెడుతున్నాము.

మొదటి పనికి పైసా ఖర్చు లేదు. ఇల్లు ఖాళీ చేయాలి. అటక మీద విరిగిన కుర్చీలు, తుప్పు పట్టిన డబ్బాలు, ఎవరూ తొడగని చెప్పులు ఎన్ని ఉన్నాయో దించితే గాని తెలియలేదు. పాత సామాన్లవాడు ఇచ్చిన డబ్బు సున్నానికి సరిపోయింది. కిటికీకి అడ్డంగా ఉన్న బీరువాను జరిపేసరికి చీకటి గదికి వెలుతురు వచ్చింది.

రెండవది కప్పు. కురిసే కప్పు కింద ఎంత మంచి రంగు వేసినా దండగే. డాబా మీద పగుళ్లను ఉలితో కొంచెం వెడల్పు చేసి, దుమ్ము దులిపి, తడిపి, ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్లు ఇసుక కలిపి, నీరు దిగకుండా వేసే మందు చేర్చి పూడ్చాలి. వారం రోజులు తడి గోనెసంచులు కప్పి ఉంచాలి. తరువాత మట్టి గట్టు కట్టి, రెండు అంగుళాల నీళ్లు ఒక రోజంతా నిలబెట్టి, కింద గదిలో చూసుకోవాలి. గోడ బాగా ఆరిన తరువాతే సున్నం మాట ఎత్తాలి.

పాత గోడలకు సున్నాన్ని మించిన చవక రంగు లేదు. రాతి సున్నం నీళ్లలో వేస్తే బుసబుస పొంగి కాగుతుంది. కళ్లలో పడితే ప్రమాదం, పిల్లలను దగ్గరికి రానీయకండి. ఒక రోజు నాననిచ్చి, పాత చీర గుడ్డలో వడకట్టి, కొద్దిగా తుమ్మ జిగురు, చిటికెడు నీలిమందు కలపండి. ఒకే చిక్కటి పూత పెచ్చులూడుతుంది. పల్చగా మూడుసార్లు వేయండి. పాత పెయింటు ఉన్న గోడకు సున్నం పట్టదు, ముందు గీకేయాలి. అరుగు అంచున జాజు పట్టీ తీస్తే వాకిటికి కళ వస్తుంది.

నేల విషయంలో ఒక హెచ్చరిక. మన వైపు ఇళ్లలో ఎక్కువగా తాండూరు, షాబాదు బండలే. ఇవి సున్నపురాయి జాతివి. మరకలు పోతాయని యాసిడ్ పోస్తే రాయినే తినేస్తుంది, నునుపు పోయి తెల్లగా పాలిపోతుంది. సబ్బు నీళ్లు, కొబ్బరి పీచు చాలు. తలుపు బందులకు నూనె, పగిలిన స్విచ్చుల స్థానంలో కొత్తవి, మోరీకి మూత, కారే నల్లాకు వాషరు, ఇవన్నీ చిన్న ఖర్చులే. కొనేవారి చేయి పడేది వీటి మీదే.

ఇక మా మనస్సాక్షికి పరీక్ష పెట్టింది వెనక గది గోడ. పునాదిలో చెమ్మ ఆపే పొర వేయలేదు. ప్రతి వానాకాలం నేలలోని తడి మోకాలెత్తు దాకా ఎక్కి ఉప్పు పూస్తుంది. దానికి చవక మందు లేదు. “ఎండాకాలం కదా, పుట్టీ పట్టి రంగు కొడితే ఎవరికి తెలుస్తుంది?” అన్నాడు మేస్త్రీ. నిజం చెప్పాలంటే రెండు రోజులు ఊగిసలాడాము. పెళ్లి ముహూర్తం దగ్గరపడుతున్నది.

కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం అమ్మేవారికి తెలిసి ఉంటే, అది చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను అంటుంది. చట్టం సంగతి అటుంచితే, చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చిన ఆ దంపతులను చూశాక దాచడానికి నోరు రాలేదు. గోడ చూపించి ఉన్నమాట చెప్పాము. ధర తగ్గించమన్నారు, తగ్గించాము. ఆ మేరకు పెళ్లి విందు తగ్గించుకున్నాము.

కాగితాలు కూడా ఇంటిలో భాగమే. దస్తావేజు, దాని వెనకటి లింకు పత్రాలు, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు ఒక సంచిలో పెట్టుకోండి. అన్నిటిలో పేరు ఒకటేనా చూసుకోండి. ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు తెలిపే ఇ.సి. 1983 నుండి ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అడగాలి. తండ్రి పోయిన ఇల్లయితే వారసులందరి సంతకాలు అవసరం. తెల్లకాగితం మీద ఇల్లు అమ్మితే చెల్లదు, నూరు రూపాయలు దాటిన స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషను తప్పదని 1908 చట్టం చెబుతున్నది.

జల్‌పల్లి పంచాయతీ 2016లో మునిసిపాలిటీ అయింది, 2025 డిసెంబరులో హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిసింది. ఇటువంటి ఊళ్లలో పాత పంచాయతీ నంబరు, కొత్త నంబరు రెంటి రుజువులూ దాచుకోవాలి. 2024 జూలైలో హైడ్రా ఏర్పడినప్పటి నుండి కొనేవారు చెరువు ఎంత దూరమని అడుగుతున్నారు. పట్టణ ప్రాంతంలో పది హెక్టార్లు, అంతకు పైబడిన చెరువు నిండు మట్టం అంచు నుండి 30 మీటర్లు, చిన్నదాని నుండి 9 మీటర్లు కట్టడాలకు వదలాలి. అడగకముందే చూపించగలిగితే మేలు.

బయానా 20,000 రూపాయలు గాని, అంతకు మించి గాని నగదుగా పుచ్చుకోకండి. 2015 నుండి అంత మొత్తం జరిమానా పడే నేరం అది. బ్యాంకు ద్వారా తీసుకోండి. యిర్మీయా అంతటివాడు పొలం కొన్నప్పుడు వెండి తూచి, సాక్షుల ఎదుట పత్రం రాయించి, మట్టికుండలో భద్రం చేయించాడు గదా!

వానలు మొదలయ్యాక ఆ ఇంటి యజమాని ఫోను చేశాడు. గుండె ఝల్లుమంది. “మీరు చెప్పినట్టే గోడ చెమర్చిందండీ. డాబా బాగు చేసిన మేస్త్రీ నంబరు కాస్త ఇస్తారా?” అన్నాడు, అంతే. నంబరు ఇచ్చాము. ఇప్పటికీ ఆ వీధిలోకి వెళ్తే ఆ వాకిట్లో ఆగి, మంచినీళ్లు తాగి వస్తున్నాము.