పన్నెండు రోజుల రేవు, పన్నెండేళ్ల గట్టు

కార్తీకం వచ్చేసరికి గోదావరిలో ఎర్రనీరు తగ్గి తేట పడుతుంది. లంకల అంచున ఇసుక తిన్నెలు బయటికొస్తాయి. రాజమహేంద్రవరంలో సోమవారం తెల్లవారుజామున కోటిలింగాల రేవులో అరటిదొప్పల దీపాల మధ్య కాలు పెట్టే చోటు దొరకదు. నెల తిరిగిందా, ఆ సందడి సద్దుమణుగుతుంది. మిగతా పదకొండు నెలలూ ఊరికీ నదికీ సంబంధమేమిటన్నది ఇప్పుడే అడగాలి. 2027 పుష్కరాలు దగ్గరకొచ్చేశాయి. మళ్లీ సిమెంటు లారీలు గట్టెక్కుతాయి.

ఊరి ముంగిట ఇంత నీరు నిలవడం ఒక్క ప్రకృతి చలవే కాదు. 1847లో కాటన్ ధవళేశ్వరం దగ్గర మొదలుపెట్టి 1852 నాటికి ముగించిన ఆనకట్ట, తర్వాత దాని చోట వచ్చిన బ్యారేజీ, ఎండాకాలంలోనూ నదిని ఆపి ఉంచుతున్నాయి. సేద్యానికి చేసిన పని అది. షికారు మాట ఎవరి లెక్కలోనూ లేకపోయినా ఊరికి సాయంత్రాలు దక్కాయి. హేవలాక్ వంతెన కథా అలాంటిదే. 1900లో రైళ్ల కోసం తెరిచారు, 1997లో విశ్రాంతి ఇచ్చారు. 56 ఖానాల ఆ వంతెన మీద నడకదారి వేస్తే నీటి మీద రెండున్నర కిలోమీటర్లకు పైగా నడవొచ్చు. ఆ ఆలోచన మాత్రం ఇన్నేళ్లూ కాగితాల మీదే నడిచింది. 2025లో శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి పథకంలో వంతెనకూ చోటిచ్చారు. ఈసారైనా నడిచేవాళ్లకు దారి దొరకాలి.

గోదావరి షికారు అనగానే పాపికొండల లాంచీ గుర్తొస్తుంది. దానికి ఓ రోజు సెలవు కావాలి, ఇంటిల్లిపాదికీ టిక్కెట్లు కావాలి. గట్టుకు అవేవీ అక్కర్లేదు. దుకాణం కట్టేసిన గుమాస్తా, ట్యూషన్ ముగిసిన పిల్లలు, మోకాళ్ల నొప్పుల పెద్దావిడ, పిడత కింద పప్పు పొట్లంతో కూర్చుని హారతి కోసం ఎదురుచూసే కుటుంబం: వీళ్లకు ఇంటి దగ్గరున్న ఏకైక ఆరుబయలు అదే. ఊరి ఆరోగ్యానికి ఇంతకంటే చవకైన మందు మాకు తెలీదు.

వనభోజనాల సంగతీ ఒక మాట. ఉసిరిచెట్టు కింద ఊరంతా ఒక్కచోట విస్తరేసుకోవాల్సిన పండుగ కులానికో బ్యానరు కట్టుకుని తోటల్లోకి, ఫంక్షన్ హాళ్లలోకి వెళ్లిపోయింది. గట్టు మీద ఇంకా ఎవరూ ఎవరి కులమూ అడగరు.

నది ప్రమాదకరం కాదని అనలేం. 2015 పుష్కరాల తొలిరోజు పుష్కర ఘాట్ తొక్కిసలాటలో పాతిక మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి యాభై మంది దాకా చనిపోయారు. అలాంటివి జరిగినప్పుడల్లా జనాన్ని, లాంచీలను అదుపు చేయడం గురించే మాట్లాడతాం. సెలవురోజు స్నేహితులతో స్నానానికి దిగి ఇసుక తవ్విన గుంతలో పడే కుర్రాడి గురించి మాట్లాడం. ఏ రేవులో ఎక్కడిదాకా దిగొచ్చో గుర్తులు, తాళ్లు, దగ్గర్లో ఓ గజఈతగాడు ఉండాలి. గోదారి ఒడ్డున పుట్టి ఈత రాని తరం పెరగడమేమిటి? బడిలో ఈత నేర్పడం వింత కోరికేమీ కాదు.

పుష్కరం పన్నెండు రోజులు. దానికోసం కట్టిన మెట్లను ఊరు పన్నెండేళ్లు వాడుకోవాలి. లక్షల మంది దిగడానికి వీలుగా గీసిన నమూనాలో చెట్టుకు చోటుండదు. మధ్యాహ్నం ఆ మెట్ల మీద అరికాలు మోపలేం. ఆడవాళ్లు పొద్దుపోయేదాకా కూర్చోవాలంటే దీపాలు వెలగాలి, మరుగుదొడ్డికి తాళం ఉండకూడదు. చక్రాల కుర్చీ నీటి దాకా వెళ్లాలి. వీటన్నిటికంటే ముందు, నల్లా ఛానల్ మురుగు శుద్ధి కాకుండా నదిలో పడకూడదు. అది ఆగనంతకాలం గట్టుకు ఎన్ని రంగులు వేసినా ముక్కు మూసుకునే నడవాలి.

కొత్త ఘాట్ల అంచనాలు తయారవుతాయి, టెండర్లు పిలుస్తారు. ఆ అంచనాల్లో పుష్కరాలు అయిపోయిన మర్నాటి నుంచి తుడవడానికి, నీడ పెంచడానికి, కాపలాకు ఏటా ఎంత ఖర్చవుతుందో, దాన్ని నగరపాలక సంస్థ భరిస్తుందో ప్రభుత్వం భరిస్తుందో ఒక పద్దు ఉండాలి. పనులు మొదలయ్యేలోపే దాన్ని జనం ముందు పెట్టాలి.