ఎండిన బోరును ఏ లెక్కలో వేయాలి?

పిల్లలూ! దామరచర్ల మండలం వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. అంత నీటి పక్కన ఉన్నా, కాల్వ నీళ్లు ఎక్కని మెట్ట చేలకు బోరే దిక్కు.

అటువంటి చేనున్న ఒక రైతు బోరు వేయించాడనుకోండి. బోరు బండికి అడుగుకు ఇంతని ఇవ్వాలి. 300 అడుగులు దింపినా దుమ్మే లేచింది. ఇంకోచోట వేయించాడు. అదీ అంతే. "ఇంత పెట్టినంక ఇప్పుడు ఆగితే ఎట్లా?" అని మూడో బోరుకు అప్పు తెచ్చాడు.

ఆయనను తెలివితక్కువవాడనడం నాకు నచ్చదు. చదువుకున్నవాళ్లూ ఇంతే. అమెరికాలో ఆర్క్స్, బ్లూమర్ అనే ఇద్దరు దీన్ని పరీక్షించి, 1985లో ఫలితాలు ప్రకటించారు. ఒక విశ్వవిద్యాలయ నాటకశాలలో ఏడాది నాటకాలన్నిటికీ కలిపి టికెట్టు 15 డాలర్లు. మొదట వచ్చిన 60 మందిలో కొందరికి పూర్తి ధరకే అమ్మారు. కొందరికి 2 డాలర్లు, మరికొందరికి 7 డాలర్లు తగ్గించారు. ఎవరికి ఏ ధర అన్నది కేవలం అదృష్టం. నాటకాలు అందరికీ అవే. అయినా మొదటి ఆరు నెలల్లో పూర్తి ధర ఇచ్చినవాళ్లే ఎక్కువ నాటకాలు చూశారు! తరువాతి ఆరు నెలల్లో ఆ తేడా కనబడలేదు. ఇచ్చిన డబ్బు కొంతకాలం మనసును లాగుతుందన్నమాట.

నాటకమైతే పోయేది ఒక సాయంత్రమే. బోరు దగ్గర పోయేది అప్పు తెచ్చిన సొమ్ము, ఒక్కోసారి భూమి కూడా.

మన జిల్లాలో చాలాచోట్ల అడుగున గట్టి రాయి. నీరు దాని పగుళ్లలోనే దొరుకుతుంది. ఆ పగుళ్లకు మన ఖర్చుతో పనిలేదు. రెండు బోర్లు ఎండాయంటే మూడోదానిలో నీరు పడే ఆశ సాధారణంగా తగ్గుతుందే గాని పెరగదు. రైతేమో ఆ రెండింటినీ మూడోది వేయడానికి కారణంగా చూపిస్తున్నాడు! నా అభ్యంతరమంతా ఇక్కడే.

అయితే చేనులో కాపుకొచ్చిన బత్తాయి తోట ఎండిపోతూ ఉంటే? అప్పుడు తోట ముందుముందు ఇవ్వబోయే రాబడి ఎంత, నీరు పడే అవకాశం ఎంత, కొత్త బోరు ఖర్చు ఎంత అని చూసుకోవాలి. లెక్క కుదిరితే వేయవచ్చు. భూగర్భ శాస్త్రం తెలిసినవారిని ముందుగా అడగడం మరీ మంచిది. పోయిన డబ్బుకు మాత్రం ఆ లెక్కలో చోటు లేదు.

ఈసారి మీ ఇంట్లో ఇటువంటి మాట వస్తే ఇలా అడిగి చూడండి: "నాయనా, ఆ రెండు బోర్లూ మన చేనులోనే పక్కింటి పెదనాయన తన డబ్బుతో వేయించి, ఎండిపోయి ఉంటే, మూడోది మనం వేయిస్తామా?"