ఢామ్మంటే తప్పు ఎండది కాదు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు ఎండలు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా! వాకిట్లో పెట్టిన పాప సైకిలు మిట్టమధ్యాహ్నం ఢామ్మంటుంది. "ఎండకు పేలిందక్కా" అంటాడు పంక్చరు అబ్బాయి. మనమూ సరేనని కొత్త ట్యూబుకు డబ్బులిస్తాం. వారం తిరక్కుండా మళ్ళీ ఢాం! మొన్న వనపర్తిలో మా చెల్లెలింట్లో అచ్చం ఇలాగే జరిగింది. ఆగి ఉన్న సైకిలు కాబట్టి సరిపోయింది. పాప బడికి వెళుతూ లారీ పక్కన ఉండగా ముందు చక్రం పేలితే?

అసలు సంగతి వినండి. ముల్లు గుచ్చుకుంటే ట్యూబు సుయ్‌మంటుంది, అంతే. ఢామ్మందంటే అది టైరు అంచు కిందనుంచో, చీలికలోంచో బయటికి ఉబ్బిందన్నమాట. 30 డిగ్రీల గాలి 50కి వేడెక్కినా ఒత్తిడి పెరిగేది సుమారు పదో వంతే. సరిగ్గా కూర్చున్న టైరు దాన్ని సులువుగా తట్టుకుంటుంది.

1888లో డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం గాలి టైరు చేశాడు. 1890లో వెల్చ్ అనే ఆయన టైరు అంచులో తీగ పెట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆ తీగ రిమ్ములో చుట్టూ సమంగా కూర్చోవాలి. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచు కలిసే చోటు చూశారుగా? అక్కడ తేడా వస్తే చీర ఏం బాగుంటుంది! టైరూ అంతే.

అందుకే ఈసారి ట్యూబు మార్చేటప్పుడు పక్కనే నిలబడండి. ముందు టైరు పక్కన అచ్చు వేసిన అంకెలు చూడండి. 37-590, 47-559 రెంటినీ 'ఇరవయ్యారు' అనే అంటారు. చివరి మూడంకెలూ రిమ్ము కొలత, మిల్లీమీటర్లలో. అవి కలవకపోతే ఆ టైరు వద్దనండి. అంచు చిరిగి తీగ బయటపడినదీ వద్దు.

రిమ్ము లోపల స్పోకుల మొనలను కప్పే టేపు ఉండాలి. ట్యూబులో కాస్త గాలి నింపి, మడత పడకుండా పెట్టాలి. చివరి అంచును చేత్తోనే ఎక్కించాలి. స్క్రూడ్రైవరుతో ఎక్కిస్తే ట్యూబు నలిగి కోసుకుపోతుంది.

సగం గాలి కొట్టాక వాల్వును ఒకసారి లోపలికి నొక్కి వదలమనండి. ఇప్పుడు చక్రం తిప్పండి. రిమ్ము పక్కన టైరు మీద సన్నని గీత ఉంటుంది. అది రెండు వైపులా, చుట్టూ ఒకే ఎత్తులో కనిపించాలి. ఎక్కడైనా ఉబ్బినా, కుంగినా గాలి తీసి మళ్ళీ సర్దాలి. ఆ తర్వాతే పూర్తి గాలి, అదీ టైరు మీద రాసినంతే! లారీలకు గాలి పట్టే మిషను కన్నా చేతిపంపు మేలు.

ఉప్పు చూడకుండా కూర వడ్డించం కదా! పిల్లల చక్రం తిప్పి చూడడానికీ అర నిమిషం చాలు. ఏమంటారు?