భూమి యథార్థ వర్ణచిత్రము

అమెరికాదేశపు నాసా సంస్థ 2005వ సంవత్సరమున భూగోళమంతటికిని యథార్థవర్ణములతో 12 పటములను, నెల కొకటి చొప్పున, ప్రకటించెను. భూమి నిర్మేఘముగ నుండు దినము లేదు. కావున టెర్రా యను ఉపగ్రహము 2004లో తీసిన చిత్రములనుండి మబ్బు లేని భాగములను ఏరి కూర్చిరి. ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు కాంతులను వేర్వేరుగ గ్రహించి, వాయుమండలపు మసకను గణితముచే తొలగించి, మరల కలిపినచో కంటికి కనబడు రంగునకు దగ్గఱి రంగు సిద్ధించును. ఒక్కొక్క బిందువు 500 మీటర్ల నేలకు గుర్తు. ఋతువు ననుసరించి పచ్చబడు పైరులును, కరగు మంచును అందు గోచరించును.

ఈ పటములకు వెల లేదు. ల్యాండ్‌శాట్ ఉపగ్రహములు 1972 నుండి తీసిన చిత్రములును 2008లో ఉచితములయ్యెను. ప్రజాధనముతో తీసిన చిత్రము ప్రజలదే యనుట న్యాయము. మన ప్రభుత్వమును 2021లో పటములపై నున్న నిర్బంధములను సడలించెను. హైదరాబాదునందలి జాతీయ దూరసంవేదన కేంద్రము 2009లో వెలువడిన భువన్ ద్వారా దేశచిత్రములను చూపుచున్నది.

అయినను చూడనేరని వానికి పటము వట్టి రంగుల కాగితమే. నాటి చిత్రమును నేటి చిత్రమును పక్కపక్కన నుంచినచో చెఱువు పూడినదియు, అడవి తఱిగినదియు దాగదు. ప్రతి పాఠశాలలోను, పఠనాలయములోను ఈ విద్యను తెలుగున నేర్పవలెను. తన నేలను తాను చదువగల ప్రజను మభ్యపెట్టుట ఎవరితరము?