మనం అడిగింది ఫ్యాన్లే

1989లో అనకాపల్లి లోక్‌సభ సీటు తొమ్మిది ఓట్ల తేడాతో తేలింది. కాంగ్రెస్ తరఫున కొణతాల రామకృష్ణ గెలిచారు. తొమ్మిది వేలు కాదు, తొమ్మిది వందలూ కాదు. ఒక ఇంట్లోవాళ్లంతా ఆ రోజు పెళ్లికి వెళ్లి ఉంటే ఫలితం తిరగబడేది. దేశం మొత్తమ్మీద లోక్‌సభ ఎన్నికల్లో ఇంత తక్కువ తేడా మళ్లీ 1998లో రాజ్‌మహల్‌లోనే వచ్చింది. అక్కడా తొమ్మిదే. ఓటు విలువ ఎంతో ఎవరికైనా చెప్పే అర్హత ఉన్న ఊరు మనది. ఆ ఊరివాళ్లం ఓటును ఎలా వాడుకున్నామో రాయాలని కూర్చున్నాను. నన్ను నేను కలుపుకునే రాస్తున్నాను, ఎవరూ నొచ్చుకోవద్దు.

కొత్త అభ్యర్థి పేరు బయటికొచ్చిన రోజు నెహ్రూ చౌక్ దగ్గర టీ కొట్లో మొదటి ప్రశ్న ఒకటే. ఏం చదివాడు, ఏం చేశాడు అని కాదు. “ఆయనకెంత ఉందంట?” వందల కోట్లు అని ఎవరో అంటారు. “అయితే పరవాలేదు” అని ఇంకొకరు గ్లాసు కింద పెడతారు. ఏమిటి పరవాలేదు? ఆయన ఆస్తి మనకేమైనా రాసిస్తాడా? ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

గంటా శ్రీనివాసరావు ప్రకాశం జిల్లా నుంచి విశాఖ వచ్చి వ్యాపారంలో నిలదొక్కుకున్నారు. 1999లో మన ఎంపీ అయ్యారు. తర్వాత వరసగా 2004లో చోడవరం, 2009లో అనకాపల్లి, 2014లో భీమిలి, 2019లో విశాఖ ఉత్తరం, 2024లో మళ్లీ భీమిలి. నిలబడ్డ ప్రతిచోటా గెలిచారు. గెలవడం ఆయన సామర్థ్యం, దాన్ని తప్పుపట్టే పని నాకు లేదు. కానీ అయిదేళ్లు తిరిగేసరికి నాయకుడు నియోజకవర్గం మారిస్తే, ఆ అయిదేళ్ల లెక్క ఎవరి దగ్గర కూర్చుని చూసుకోవాలి? లెక్క అడగాల్సిన వాళ్లం మనం. అడగలేదు.

2009లో సినీ నిర్మాత అల్లు అరవింద్ ప్రజారాజ్యం తరఫున ఇక్కడ నిలబడి ఓడిపోయారు. 2014లో అవంతి విద్యాసంస్థల ముత్తంశెట్టి శ్రీనివాసరావు తెలుగుదేశం ఎంపీ అయ్యారు. 2019 ఎన్నికలకు ముందు పార్టీ మారి భీమిలి ఎమ్మెల్యే, ఆపైన మంత్రి అయ్యారు. 2024లో బీజేపీ నుంచి గెలిచిన సీఎం రమేష్‌ది కడప జిల్లా పొట్లదుర్తి, వ్యాపారం కాంట్రాక్టులు. మెజారిటీ దాదాపు మూడు లక్షలు. నడుమ 2019లో మన ఊళ్లోనే వైద్యం చేసే డాక్టర్ సత్యవతిని గెలిపించాం. కాబట్టి బయటివాళ్లకే పట్టం కట్టామని అనను. గాలులు, పొత్తులు, కులాల లెక్కలు ఉంటాయి, నాకు తెలుసు. నేను చెప్పేది ఫలితాల సంగతి కాదు, మన నోటి సంగతి. ఎవరు వచ్చినా మనం ఏమడిగామన్నది.

డబ్బున్నవాడు రాజకీయాల్లోకి రావడం మన ఒక్క ఊరి ముచ్చట కాదు. థాయ్‌లాండ్‌లో తాక్సిన్ షినవత్ర పోలీసు ఉద్యోగం వదిలి, మొబైల్ ఫోన్ల కంపెనీతో దేశంలోకెల్లా పెద్ద ధనికుల్లో ఒకడయ్యాడు. 1998లో సొంత పార్టీ పెట్టి 2001లో ప్రధాని కుర్చీ ఎక్కాడు. ఆయన కథలో అందరికీ గుర్తుండేది 2006 జనవరి. టెలికాం కంపెనీల్లో విదేశీ వాటా పరిమితిని చట్టం పెంచింది. ఆ తర్వాత రోజుల వ్యవధిలోనే ఆయన కుటుంబం కంపెనీలో తన వాటాను సింగపూర్ ప్రభుత్వ సంస్థ టెమాసెక్‌కు సుమారు 7,300 కోట్ల బాత్‌లకు అమ్మేసింది. పన్ను కట్టలేదు. బ్యాంకాక్ వీధులు భగ్గుమన్నాయి, సెప్టెంబరులో సైన్యం దించేసింది. అయినా ఉత్తర థాయ్‌లాండ్ పల్లెల్లో ఆయనను ఏళ్ల తరబడి మరిచిపోలేదు. ఎందుకంటే 30 బాత్‌లకు ఆసుపత్రిలో వైద్యం, ఊరికి పది లక్షల బాత్‌ల నిధి వాళ్ల చేతికి అందాయి. ఆ కోటీశ్వరుడి నుంచి వాళ్లు కాగితం మీద రాయించుకున్నది ఏదో ఒకటి ఉంది. మనం రాయించుకున్నది ఏమిటి?

మన దేశంలోనూ ఫోన్ల వ్యాపారి ఉన్నాడు. బీపీఎల్ మొబైల్ నడిపిన రాజీవ్ చంద్రశేఖర్ 2005లో దాన్ని అమ్ముకుని, 2006లో కర్ణాటక నుంచి రాజ్యసభకు వెళ్లారు, కేంద్ర మంత్రి అయ్యారు. పద్దెనిమిదేళ్ల తర్వాత, 2024లో, మొదటిసారి జనం ముందుకొచ్చి తిరువనంతపురంలో 16,077 ఓట్ల తేడాతో ఓడిపోయారు. అక్కడ జనం ఏమడిగారో నాకు తెలియదు. ఇక్కడ ఏమడిగామో మాత్రం నాకు బాగా తెలుసు. అడిగింది నేనే కాబట్టి.

ఏ సంవత్సరమో, ఏ పార్టీయో చెప్పను. ఒక కళ్యాణ మండపంలో పట్టణ ప్రముఖులతో అభ్యర్థి ముఖాముఖి. నాలాంటి రిటైర్డు మాస్టార్లు ముందు వరసలో. మైకు చేతికిచ్చారు. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు జేబులో ఒక కాగితం పెట్టుకున్నాను, చెరకు గురించి. తుమ్మపాల చక్కెర మిల్లు గురించి. మైకు పట్టుకోగానే పక్కనున్న మా సంఘం సెక్రటరీ మోచేత్తో పొడిచాడు. “మాస్టారూ, రీడింగ్ రూమ్ ఫ్యాన్లండీ, ఫ్యాన్లు!” నేను ఫ్యాన్లడిగాను. నాలుగు. ఆయన నవ్వి, “రేపే పంపిస్తాను మాస్టారూ” అన్నారు. హాలంతా చప్పట్లు. నా తర్వాత ఒకాయన నూకాలమ్మ పండగకి విద్యుద్దీపాలడిగాడు, ఇంకొకాయన కుర్రాళ్లకు క్రికెట్ కిట్లు. ఆ కాగితం చొక్కాతో పాటు చాకలికి వెళ్లిపోయింది.

ఆ కాగితంలో పెద్ద విషయమేమీ లేదు. టన్నుల కొద్దీ చెరకు పండించే నేల ఇది. వందేళ్లకు పైబడిన చెరకు పరిశోధన స్థానం ఉన్న ఊరు ఇది. తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ, ఈ మూడు సహకార మిల్లులూ మన కళ్లముందే మూతపడ్డాయి. గోవాడ ఒక్కటీ రోజులు లెక్కపెట్టుకుంటూ వచ్చింది. చెరకు మద్దతు ధర కేంద్రం నిర్ణయిస్తుంది. 2018-19లో క్వింటాలుకు 275 రూపాయలు, 2024-25కి 340 అయింది. రైతుకు అది కూడా చాలదు, నిజమే. కానీ చక్కెర కనీస అమ్మకపు ధరను 2019 ఫిబ్రవరిలో కిలోకు 31 రూపాయలు చేసి, ఆ తర్వాత ఏళ్ల తరబడి కదిలించలేదు. ముడిసరుకు ధర పెరుగుతూ, సరుకు ధర నిలిచిపోతే, అప్పుల్లో ఉన్న సహకార మిల్లు ఎన్నాళ్లు నిలుస్తుంది? మిల్లులు మునగడానికి అదొక్కటే కారణం కాదు, యాజమాన్యాల పాపం కూడా ఉంది. కానీ ఇది ఢిల్లీలో తేలాల్సిన లెక్క, అంటే అచ్చంగా ఎంపీని అడగాల్సిన ప్రశ్న. కోట్ల టర్నోవరు చూసినవాడికి ఈ లెక్క మనం చెప్పనక్కర్లేదు, గుర్తుచేస్తే చాలు. మనం గుర్తుచేయలేదు.

మిల్లు మూతపడితే చెరకు బెల్లం పొయ్యి మీదికి వస్తుంది. పెనం దగ్గర రాత్రంతా మంట ఎగదోసి, తెల్లారి దిమ్మలు మార్కెట్‌కి తెస్తాడు రైతు. అక్కడ వర్తకుడు వేలితో గీరి రంగు చూస్తాడు. రంగు తగ్గితే ధర తగ్గుతుంది. కొలగారు తూస్తాడు, కళాసీ మోస్తాడు, రైతు చేతులు కట్టుకుని నిలబడతాడు. ఆ నిలబడటం నేను చిన్నప్పుడు మా నాన్న దగ్గర చూశాను. చూసి కూడా ఫ్యాన్లడిగాను.

అచ్యుతాపురం సెజ్ విషయంలోనూ అంతే. అక్కడ మావాడికొక ఉద్యోగం ఇప్పించమని సిఫార్సు ఉత్తరాల కోసం తిరిగినవాళ్లం. ఆ ఫ్యాక్టరీల్లో తనిఖీ ఎవరు చేస్తారు, ఎప్పుడు చేస్తారు అని ఒక్క ఉత్తరం రాయనివాళ్లం. 2024 ఆగస్టు 21న ఒక మందుల కంపెనీలో పేలుడు జరిగి 17 మంది పోయారు. ఆ సాయంత్రం అందరం కోపంగా మాట్లాడుకున్నాం. వారం తిరిగేసరికి మళ్లీ సిఫార్సు ఉత్తరాలు.

ఓటుకు పంచే డబ్బు కవర్ల సంగతి కూడా చెప్పేయాలి. పోలింగుకు రెండు రోజుల ముందు రాత్రి తొమ్మిదింటికి ఒక కుర్రాడు వచ్చాడు, నా దగ్గర చదువుకున్నవాడే. చేతిలో ఓటర్ల జాబితా, నా పేరు మీద పెన్సిలు టిక్కు. “మాస్టారండీ, మీ ఇంట్లో నాలుగు ఓట్లు కదండీ.” తల వంచుకునే అన్నాడు. వాడికైనా సిగ్గుంది. నేను వద్దన్నాను. మా ఆవిడ లోపల్నుంచి, “ఎదురింటోళ్లు రెండు పక్కలా తీసుకున్నారు, మీరే పెద్ద హరిశ్చంద్రుడు” అంది. తీసుకున్నాను. తీసుకుని కూడా నా మనసుకు నచ్చినవాళ్లకే వేశానని ఇన్నాళ్లూ సమర్థించుకున్నాను. నచ్చినవాళ్లకు వేశానో లేదో కాదు, తెల్లారి గెలిచినాయన్ని నిలదీసే నోరు నాకు ఉందా లేదా అన్నది ప్రశ్న. లేదు.

నాయకులు వలస పక్షులని మనం సభల్లో తిడుతుంటాం. పక్షి చెరువు చూసి దిగుతుంది. గింజలు చల్లమని అడిగింది మాత్రం మనమే.

నక్కపల్లి దగ్గర బల్క్ డ్రగ్ పార్కు వద్దని రాజయ్యపేట మత్స్యకారులు రోడ్డు మీదికొచ్చారు. వాళ్ల వాదన మొత్తం ఒప్పో కాదో నిపుణులు తేల్చాలి. కానీ వాళ్లు అడిగింది దీపాలు కాదు, కిట్లు కాదు. సముద్రం గురించి అడిగారు. మా రీడింగ్ రూమ్‌లో ఆ వార్త పేపర్లో చదివి, పేజీ తిప్పాం.

ఆ నాలుగు ఫ్యాన్లలో రెండు ఇంకా తిరుగుతున్నాయి.