ఆదివారపు పని అగౌరవమా?

పదునైదు పదునాఱేండ్ల బాలుడు సెలవుదినమున నాలుగుగంటలు ఒకచోట పనిచేసి, దాని కూలిని తన చేతితో నందుకొనుట మన మర్యాదస్థుల యిండ్లలో అపకీర్తిగా నెన్నబడుచున్నది. “మన కేమి తక్కువైనదని పిల్లవానిని పనిలో పెట్టితిరని లోకులు నవ్వరా?” యని తల్లిదండ్రులు భయపడుదురు. ఆ లోకులే ఆ యాదివారమే ఫలహారశాలలో కూర్చుండి, ఆ యీడువాడే యగు మఱియొక బాలుడు బల్ల తుడిచి తెచ్చియిచ్చిన కాఫీని త్రాగుచుందురు. వానిని చూచి వారికి నవ్వును రాదు, ఏడ్పును రాదు. వయస్సొక్కటే, దినమొక్కటే, ఒకనికి పనిచేయుట సిగ్గు, మఱియొకనికి పనిచేయకుండుట పస్తు. ఈ భేదమును గూర్చియే మేము కొంత కటువుగా వ్రాయవలసి వచ్చినది.

మూడుతరముల నడవడిని పోల్చి చూతము. ఆదివారపు సెలవు ఇంగ్లీషు బడులతోను కచ్చేరీలతోను మనకు వచ్చినది. అంతకుముందు అమావాస్య, పూర్ణిమ మున్నగు తిథులే చదువునకు విడుపు. తాతలనాడు పేదవిద్యార్థి వారములు చేసికొని, అనగా దినమున కొక యింట భోజనము కుదుర్చుకొని, చదువు సాగించెను. ఇందుకు మనము గర్వపడుచున్నాము. కాని వారము పెట్టిన యిల్లాలు చాలవఱకు తన కులపు పిల్లవానికే పెట్టినది. పాలేరుగానో జీతగాడుగానో పెద్దరైతునింట కుదిరిన బాలునికి వారములును లేవు, బడియును లేదు. తండ్రి చేసిన యప్పునకు వాని బాల్యము వడ్డీగా చెల్లిపోయెను. వెట్టిచాకిరిని రద్దుపఱచిన చట్టము 1976లో గాని రాలేదు. కావున “పూర్వము పిల్లలు కష్టపడి పైకి వచ్చిరి” అని పలుకువారు ఏ పిల్లలను గూర్చి పలుకుచున్నారో ముందుగా చెప్పవలెను.

తండ్రులనాడు కాలము కొంత మాఱినది. తెల్లవాఱుజామున సైకిలుపై పత్రికలు వేయుట, చిన్నపిల్లలకు ప్రైవేటు చెప్పుట, దుకాణములో పద్దు వ్రాయుట, వేసవిలో కోతలకును నూర్పులకును పోవుట మున్నగు పనులు చేసి పుస్తకములకును పరీక్షరుసుములకును సంపాదించుకొన్నవా రనేకులు కలరు. వారిలో చాలమంది నేడు పింఛను పుచ్చుకొనుచు ఆ కథలను మనుమలకు ముచ్చటగా చెప్పుదురు. ఆ మనుమనినే ఒక యాదివారము పనికి పంపు డనినచో కోపగింతురు! రెండవ ప్రపంచయుద్ధకాలమున రామేశ్వరమువద్ద రైలునుండి విసరిన పత్రికల కట్టలను తెచ్చి పంచిన బాలుడు 2002లో రాష్ట్రపతి యయ్యెనని, కలాముగారి కథను మన పాఠశాలలలో మాటిమాటికి ఉపన్యసించుచున్నాము. ఆ యుపన్యాసమును విన్న పిల్లవాడు ఇంటికి వచ్చి “నేనును పత్రికలు వేయుదు” ననినచో, వాని తండ్రి ఏమనునో చదువరులే యూహింతురు గాక.

ఇక నేటి తరము. ఇంటర్మీడియటు చదువు బాలునికి ఆదివారమే లేదు. ఆదినమున పరీక్ష, పరీక్ష కాగానే మార్కుల పట్టిక. బియ్యపు ధర తెలియదు, అపరిచితునితో మాటలాడుట తెలియదు, ఒక గంట శ్రమకు లోకము కట్టు వెల తెలియదు. ఆడుపిల్లకు మాత్రము అంట్లు, బట్టలు, తమ్ముల సంరక్షణము సెలవుదినమునను తప్పవు; కూలి లేనందున దానిని పని యని యెవరును అనరు. ఇట్లు పెరిగిన కుమారుడే యిరువదిరెండేండ్లకు అప్పుచేసి అమెరికాకు పోవును. అచ్చటి నిబంధన ప్రకారము చదువుదినములలో విద్యార్థి తన విద్యాలయ ప్రాంగణమునందే వారమునకు 20 గంటలకు మించకుండ పనిచేయవచ్చును. అచ్చట భోజనశాలలో పళ్లెములు కడిగినను, గ్రంథాలయములో పుస్తకములు సర్దినను, తల్లిదండ్రులు “మావాడు తన ఖర్చు తానే పెట్టుకొనుచున్నా”డని సంతోషింతురు. సముద్రము దాటినంతనే పళ్లెము కడుగుటకు మర్యాద వచ్చెనా? రాలేదు, అది లోకులు చూడని చోటు, అంతియే.

పాశ్చాత్యదేశములలో ఈ పనికి గౌరవమును కలదు, కట్టుబాటును కలదు. ఇంగ్లండులో బడిపిల్లలు పదుమూడేండ్లు దాటినపిమ్మట తేలికపనులు చేయవచ్చును గాని, ఆదివారమున 2 గంటలకు మించరాదు. బడి నడచు వారములలో మొత్తము 12 గంటలకు మించరాదు. అమెరికాలో 1938 నాటి చట్టము ననుసరించి పదునాలుగు పదునైదేండ్లవారు వ్యవసాయేతరమైన పనులలో బడిదినమున 3 గంటలు, బడివారమున 18 గంటలు మించి పనిచేయరాదు. ధనికుని పుత్రుడును పేదవాని పుత్రుడును ఒకే దుకాణములో నిలువగలుగుట యే ఆ పద్ధతిలోని మేలు.

“ఇది బాలకార్మికవృత్తిని వెనుకదారిని తెచ్చుట కాదా?” యని కొందఱు సహృదయులు ప్రశ్నింతురు. ఈ ప్రశ్న మిగుల గౌరవింపదగినది. కర్నూలు, మహబూబునగరు ప్రాంతములలో సంకరజాతి ప్రత్తివిత్తనముల చేలలో సాయంకాలము మొగ్గ లొలిచి, మఱునాటి యుదయమున పుప్పొడి యద్దిన వేలకొలది బాలికలు బడికి దూరమైరి. బడిలో లేని ప్రతి బిడ్డయు బాలకార్మికుడే యని శ్రీమతి శాంతాసిన్హాగారును, రంగారెడ్డిజిల్లాలో వారితో పనిచేసినవారును నిలిపిన సూత్రమును మేము శిరసావహించుచున్నాము. చదువును మ్రింగు పని పని కాదు, దోపిడి. మేము కోరునది చదువునకు లోబడిన పనిని మాత్రమే.

మన చట్టమును ఈ హద్దునే గీచినది. 2016 నాటి సవరణము పదునాలుగేండ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకొనుటను నిషేధించినది. పదునెనిమిదేండ్లలోపు వారిని గనులనుండియు, ప్రేలుడు పదార్థములనుండియు, అపాయకరమైన ప్రక్రియలనుండియు తొలగించినది. తక్కిన పనులలో వారికి మూడుగంటలకు పిదప ఒక గంట విశ్రాంతి యీయవలెను. విశ్రాంతితో గూడ ఆఱుగంటలు దాటరాదు. రాత్రి 7 మొదలు ఉదయము 8 వఱకు పని చెప్పరాదు. అయితే యింటివ్యాపారములో బడివేళలు గడచినపిమ్మట చిన్నపిల్లలును సహాయము చేయవచ్చునని యదే చట్టము సందిచ్చినది; ఆ సందులో ఎందఱి ఆటలు, ఎందఱి నిద్రలు దూరిపోవుచున్నవో పట్టించుకొనువారు లేరు. రాత్రి పదిగంటలకు గ్లాసులు కడుగుచున్న బాలుని చూచి మనలో నెవరైన యజమాని నడిగితిమా? అడుగము, ఏలన, వాడు మనవాడు కాడు.

మన పిల్లవాడు అచ్చట నిలిచిననాడు అడుగుదుము. ఇదియే మా వాదమునకు ప్రాణము. కలిగినవారి బిడ్డ పనిలోనికి వచ్చిననాడు గంటల లెక్క పుట్టును, కూలి చీటి పుట్టును, “ఒరే” యను పిలుపు తగ్గును. పేదవాని బిడ్డకు చట్టము చేయలేని మేలును కలిగినవారి సిగ్గు విడుచుట చేయగలదు.

“చదువు చెడు”నందురా? వారమంతయు చదివినవానికి నాలుగుగంటల పనివలన చెడునంత చదువు చదువే కాదు. “డబ్బు చేతికి వచ్చిన చెడు”నందురా? లెక్క యడుగని డబ్బు చెఱచును గాని, చెమటోడ్చి తెచ్చిన డబ్బు లెక్క నేర్పును. పదేండ్లు దాటినవాడు తపాలాకచ్చేరిలో తన పేరనే పొదుపుఖాతా తెఱవవచ్చును. ఆ కూలిని తండ్రి పుచ్చుకొనక అందు వేయింపవలెను.

కావున విద్యాలయములవారు ఆదివారమును పిల్లలకు తిరిగి యీయవలెను. వర్తకులు గంటలను, కూలిని గోడపై వ్రాసి పెట్టవలెను. తల్లిదండ్రులు ఆడుపిల్లకును మగపిల్లవానికిని సమానముగా అనుజ్ఞ యీయవలెను. అన్నిటికంటె ముందుగా, ఈ వ్యాసమును చదివి తలయూపువారు వచ్చు ఆదివారము తమ యింటి బిడ్డతోనే మొదలుపెట్టవలెను. ఇతరుల బిడ్డలకు శ్రమగౌరవమును బోధించుట మనకు చాలకాలమునుండి చేతనైన పనియే.